ఎం.ఆర్. రాధా జీవితం మనకు చెప్పేది



హోసూరులో గానీ, కృష్ణగిరిలో గానీ అరవై దాటిన వారిని ఎవరినైనా ఎం.ఆర్. రాధా ఎవరని అడగండి. వెంటనే రెండు సంగతులు చెబుతారు. ఒకటి రత్తక్కణ్ణీర్ సినిమా. రెండోది ఎం.జి.ఆర్. మీద తుపాకీ పేల్చిన సంగతి. మూడో సంగతి చాలామందికి తెలియదు. ఆయన మనవాడే, తెలుగువాడు. తెలిసినవారు కూడా ఆ మాట కొంచెం గొంతు తగ్గించి చెబుతారు. ఎందుకు తగ్గిస్తామో ఆలోచించుకోవడానికే ఆయన జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను.

1907 ఏప్రిల్ 14న మద్రాసు చింతాద్రిపేటలో ఒక తెలుగు నాయుడు కుటుంబంలో ఆయన పుట్టారు. పెట్టిన పేరు రాధాకృష్ణన్. ఇంటిపేరు స్థానంలో మద్రాసు, తరువాత తండ్రి రాజగోపాల్ పేరు, ఈ రెండూ కలిసి ఎం.ఆర్. అయ్యాయి. తండ్రి సైన్యంలో పనిచేసి మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయారు. తల్లి రాజమ్మాళ్ పిల్లలను పెంచుకొచ్చింది. చదువు పెద్దగా అబ్బలేదు. ఒకరోజు అన్నంలో చేప ముక్క విషయంలో తల్లితో గొడవపడి, ఆ కోపంలో ఇల్లు వదిలి పారిపోయి నాటక కంపెనీలో చేరాడని చెప్పుకుంటారు. కథ ఎంత నిజమో గానీ మనిషి స్వభావం అందులో కనిపిస్తుంది. ముక్కు మీద కోపం, వెనక్కి తిరిగి చూడని మొండితనం. ఈ రెండూ ఆయనను పైకి తెచ్చాయి. చివరికి కిందికి లాగినవీ అవే.

ఆ రోజుల్లో పిల్లల నాటక కంపెనీలంటే ఒక రకం గురుకులాలు. పదేళ్ళ పిల్లలు కంపెనీ ఇంట్లోనే ఉండేవారు. అక్కడే తిండి, అక్కడే పడక. తెల్లవారి పాట, పగలు మాటలు వల్లె వేయడం, రాత్రి ఆట. ఊరు మారినప్పుడు సామాను మోయడం కూడా వారి పనే. తమిళ సినిమా తొలి తరం నటుల్లో చాలామంది అక్కడి నుంచి వచ్చినవారే. ఎం.జి.ఆర్. కూడా అలాంటి కంపెనీలోనే ఆకలి చూసి పెరిగారు. ఇది గుర్తు పెట్టుకోండి. తరువాత ఒకరికొకరు ఎదురు నిలబడిన ఆ ఇద్దరూ ఒకే రకమైన పేదరికంలోంచి, ఒకే రకమైన నాటక రంగంలోంచి వచ్చినవారు. రాధా అక్కడ నటనతో పాటు ఎలక్ట్రీషియన్ పని, కార్ల మరమ్మతు పని కూడా నేర్చుకున్నారు.

1937లో రాజశేఖరన్ సినిమాతో తెర మీదికి వచ్చారు. సేలం మోడరన్ థియేటర్స్ వారి సినిమాలోనూ చేశారు. కానీ ఆయన మనసు నాటకం మీదే ఉండేది. కొన్నాళ్ళకే సినిమాలు వదిలి సొంత నాటక బృందంతో ఊరూరా తిరిగారు. పెరియార్ ఈ.వె. రామసామి భావాలను నమ్మి, వాటినే రంగస్థలం మీద చెప్పారు. మూఢనమ్మకాలనూ, కుల గర్వాన్నీ, పెద్దమనుషుల దొంగ వేషాలనూ ఎగతాళి చేశారు. రామాయణం మీద ఆయన వేసిన నాటకం భక్తులకు చాలా బాధ కలిగించింది. అది నచ్చనివారు మనలో ఇప్పటికీ ఉన్నారు, వారి బాధనూ కాదనలేం. 1954లో మద్రాసు ప్రభుత్వం నాటక ప్రదర్శనల మీద కొత్త చట్టం తేవడానికి రాధా నాటకాలే ముఖ్య కారణమని చెబుతారు. నిషేధం వచ్చిన కొద్దీ ఆయన మొండితనం పెరిగింది.

తిరువారూర్ కె. తంగరాజు రాసిన రత్తక్కణ్ణీర్ నాటకం రాధా పేరును ప్రతి పల్లెకూ చేర్చింది. 1954లో కృష్ణన్-పంజు దర్శకత్వంలో అది సినిమా అయింది. కథ మీకు తెలిసే ఉంటుంది. మోహనసుందరం విదేశాల్లో చదివి వచ్చిన ధనవంతుడు. తల్లి అంటే లెక్కలేదు, పెళ్ళాం అంటే లెక్కలేదు, పేదవాడంటే అసలే లెక్కలేదు. కాంత అనే ఆమె వెంట పడి ఆస్తి అంతా పోగొట్టుకుంటాడు. కుష్ఠువ్యాధి పాలై వీధిన పడతాడు. తన భార్యకు స్నేహితుడితో మళ్ళీ పెళ్ళి జరగాలని కోరుకుంటాడు. తనలాగా ఇంకెవరూ కాకూడదని, ఆ వ్యాధి రూపంలోనే తనకు శిల నిలపమంటాడు. భార్య పాత్రలో మన తెలుగు నటి శ్రీరంజని, కాంతగా ఎం.ఎన్. రాజం నటించారు. వ్యాధిని పాపానికి శిక్షగా చూపడం ఆ కాలపు ఆలోచన. ఈనాడు మనం అలా అనుకోం, అనుకోకూడదు. కానీ అహంకారం మనిషిని ఎలా తింటుందో ఆ గొంతులో విన్నవారు మరచిపోలేదు.

తెలుగునాట కూడా ఈ కథ నడిచింది. పాలగుమ్మి పద్మరాజు గారు తెలుగులో రక్తకన్నీరు రాశారు. నటుడు నాగభూషణం గారు దాన్ని ఊరూరా ఆడి, రక్తకన్నీరు నాగభూషణం అన్న పేరే తెచ్చుకున్నారు. సరిహద్దుకు ఇటువైపు ఒక తెలుగువాడు తమిళంలో, అటువైపు మరో తెలుగువాడు తెలుగులో ఒకే పాత్రతో ప్రసిద్ధులయ్యారు. రెండు భాషల మధ్య బతికే మన హోసూరు వారికి ఇది దగ్గరి సంగతి.

ఆ సినిమా తరువాత రాధాకు తిరుగులేదు. భాగప్పిరివినై, పావ మన్నిప్పు, పాలుం పళముం, కుముదం వంటి సినిమాల్లో దుష్టుడి వేషం, హాస్యం కలిపి చేశారు. ఒకే మాటలో రెండు గొంతులు మార్చి మార్చి పలకడం ఆయనకే చెల్లింది. ఎం.జి.ఆర్. సినిమాల్లో కూడా చాలా వేషాలు వేశారు. ఖరీదైన ఇంపాలా కారు కొని, అందులో పశువులకు గడ్డి వేసుకొచ్చేవారని ఇప్పటికీ కథలుగా చెబుతారు. హోదా అంటే లెక్కలేని మనిషిగా జనం ఆయనను ఇష్టపడ్డారు.

1966 చివరలో పెట్రాల్‌దాన్ పిళ్ళైయా అనే సినిమా విడుదలైంది. నాయకుడు ఎం.జి.ఆర్., రాధా అందులో నటులు, నిర్మాత కె.కె. వాసు. అప్పుడు ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఎం.జి.ఆర్. ద్రావిడ మున్నేట్ర కళగం అభ్యర్థి. పెరియార్ ఆ ఎన్నికల్లో కామరాజ్ వైపు, అంటే కాంగ్రెసు వైపు ఉన్నారు. రాధా పెరియార్ వెంట నిలిచారు. సినిమాలో కలిసి నటించేవారు, రాజకీయాల్లో ఎదురెదురు.

1967 జనవరి 12. సంక్రాంతి పండుగ ముందు రోజులు. మరో ఐదు రోజుల్లో ఎం.జి.ఆర్.కు యాభై ఏళ్ళు నిండుతాయి. సాయంత్రం రాధా, నిర్మాత వాసు కలిసి మద్రాసు శివార్లలోని రామావరం తోటకు, ఎం.జి.ఆర్. ఇంటికి వెళ్ళారు. మాటలు జరుగుతుండగా తుపాకీ పేలింది. గుండు ఎం.జి.ఆర్. చెవి పక్క నుంచి మెడలోకి దిగింది. తరువాత రాధా తనను తాను కాల్చుకున్నారు. ఇద్దరినీ ఆసుపత్రికి చేర్చారు. ఇద్దరూ బతికారు.

అప్పుడు మన ప్రాంతం ధర్మపురి జిల్లాలో ఉండేది. నేను చిన్నపిల్లవాణ్ణి. వీధి అరుగుల మీద పెద్దవాళ్ళ మాటలు మాత్రం గుర్తున్నాయి. టీవీ లేని కాలం. పేపరు ఊరు చేరేలోగా పుకారు చేరేది. ఒకరు పోయారని ఒక మాట, ఇద్దరూ పోయారని ఇంకో మాట. మద్రాసులో ఆసుపత్రి ముందు అభిమానులు వేలాదిగా చేరారు. గుండు ఎందుకు పేలిందో తెలియకముందే జనం తీర్పు చెప్పేశారు.

మెడకు కట్టుతో ఉన్న ఎం.జి.ఆర్. ఫోటో పోస్టర్లుగా గోడలకెక్కింది. ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచే పరంగిమలై నియోజకవర్గంలో గెలిచారు. డి.ఎం.కె. అధికారంలోకి వచ్చింది, 1967 మార్చి 6న అన్నాదురై ముఖ్యమంత్రి అయ్యారు. విరుదునగర్‌లో కామరాజ్ అంతటివాడు ఓడిపోయారు. బియ్యం కొరత, 1965 హిందీ వ్యతిరేక ఉద్యమం, ఇంకా ఎన్నో కారణాలు ఆ ఓటమి వెనుక ఉన్నాయి. ఒక్క గుండు వల్ల ఎన్నిక తారుమారు కాలేదు. కానీ ఆ పోస్టరు చూసి కరిగిన మనసులు ఎన్నో. రాధా ఎవరి పక్షాన నిలబడ్డారో వారికి ఆయన కోపం నష్టమే చేసింది. ఎవరి మీద కోపమో వారిని ఇంకా ఎత్తుకు లేపింది. కోపానికి ఎదుటివాడు కనిపిస్తాడు గానీ తనవాళ్ళు కనిపించరు.

చెంగల్పట్టు సెషన్స్ కోర్టులో విచారణ జరిగింది. కారణం దగ్గరకు వచ్చేసరికి డబ్బు మాట వచ్చింది, రాజకీయ వైరం మాట వచ్చింది. రాధా నేరం ఒప్పుకోలేదు. కోర్టు ఆయన వాదన నమ్మలేదు. 1967 నవంబరులో హత్యాయత్నం కింద ఏడేళ్ళ శిక్ష వేసింది. అప్పటికి ఆయనకు అరవై ఏళ్ళు. పైకోర్టుల్లో తరువాత శిక్ష కొంత తగ్గింది. నాలుగేళ్ళకు పైగా జైల్లో ఉండి 1971లో బయటికి వచ్చారు.

ఎం.జి.ఆర్. గొంతు మళ్ళీ మునుపటిలా కాలేదు. నటుడికి గొంతంటే రైతుకు ఎద్దు లాంటిది. అది దెబ్బతిన్నా ఆయన ఆ మారిన గొంతుతోనే నటించారు, సభల్లో మాట్లాడారు, 1977లో ముఖ్యమంత్రి అయ్యారు. రాధా గురించి మంచి మాట్లాడేవారు ఈ దెబ్బను చిన్నది చేసి చెప్పడం నాకు నచ్చదు. దెబ్బ తిన్నవాడి నొప్పిని పక్కకు పెట్టి కొట్టినవాడి గొప్పతనం చెబితే అది న్యాయం కాదు.

విడుదలైన తరువాత రాధా మళ్ళీ నాటకాలు వేశారు, కొద్ది సినిమాల్లో నటించారు. పాత వైభవం తిరిగి రాలేదు. 1979 సెప్టెంబరు 17న తిరుచ్చిలో కామెర్లతో కన్నుమూశారు. వయసు 72. సరిగ్గా ఆ రోజు పెరియార్ నూరవ జయంతి. ఎం.జి.ఆర్. అప్పుడు ముఖ్యమంత్రి. ఆయన పిల్లల్లో ఎం.ఆర్.ఆర్. వాసు, రాధా రవి, రాధిక, నిరోషా సినిమాల్లో పేరు తెచ్చుకున్నారు. 1981లో న్యాయం కావాలి సినిమాతో తెలుగు ప్రేక్షకుల ముందుకు వచ్చిన రాధిక ఈయన కూతురే అంటే ఇప్పటి పిల్లలు ఆశ్చర్యపోతారు. తండ్రి జైలుకు వెళ్ళేనాటికి ఆమెకు ఐదేళ్ళు నిండలేదు. ఒక పెద్దమనిషి నిమిషంలో చేసిన పనిని ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి మోయాలి. రచ్చ గురించి మాట్లాడేటప్పుడు మనం మొదట మరచిపోయేది ఇంట్లోని పిల్లలనే.

ఇక ఈ జీవితం మనకు ఏం చెబుతుంది? నాకు అర్థమైనంత వరకు రాస్తాను.

మొదటిది. తెలిసినంత మాత్రాన మనిషి మారడు. అహంకారం వల్ల మనిషి ఎలా నాశనమవుతాడో రాధా కంటే బాగా తెలిసినవారు ఎవరు? ఏళ్ళ తరబడి రాత్రి రాత్రీ అదే పాత్ర వేశారు. ఎదుట కూర్చున్నవారిని ఏడిపించారు. అయినా తన కోపం దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివి పనికి రాలేదు. ఉపన్యాసాలు చెప్పేవారు, సంఘాలు నడిపేవారు, పిల్లలకు బుద్ధులు చెప్పే పెద్దలు, మనమందరం దీన్ని గుర్తు పెట్టుకోవాలి. ఎదుటివాడి బలహీనతను చక్కగా వివరించగలగడం వేరు, మన బలహీనతను అదుపులో పెట్టుకోవడం వేరు.

రెండోది. వయసుతో కోపం తగ్గుతుందని అనుకుంటాం. తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది. అరవై దగ్గర పడుతుంటే రావలసిన డబ్బు రాలేదన్న బాధ, మర్యాద తగ్గిందన్న బాధ, నిన్నటి కుర్రాళ్ళు నన్ను దాటిపోయారన్న బాధ మనసులో ముద్దగా చేరతాయి. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదాల్లో ముందు నిలబడేది చాలాసార్లు పడుచువాళ్ళు కారు, తల నెరిసినవాళ్ళే. ఆ బాధను ఎవరితోనైనా చెప్పుకునే అలవాటు మన మగవాళ్ళకు లేదు.

మూడోది. కోపం ఉన్నప్పుడు చేతికి అందే దూరంలో ఏముందన్నదే ముఖ్యం. ఖాళీ చేతుల మనిషి ఆ సాయంత్రం అరిచి, తిట్టి, తలుపు విసిరి ఇంటికి వెళ్ళేవాడు. పొద్దున్నకు సగం చల్లారేవాడు. తుపాకీ ఉండటం వల్ల నిమిషం కోపం జీవితకాలపు కథ అయింది. ఇప్పుడు మన ఇళ్ళల్లో తుపాకులు లేవు గానీ ప్రతి చేతిలో ఫోను ఉంది. ఒకరి మీద వచ్చిన నింద నిజమో కాదో చూడకుండా పది గుంపులకు పంపుతాం. అది కూడా వెనక్కి రాని గుండే.

నాలుగోది చూసేవారి బలహీనత. ఇది మన గురించే. రచ్చ జరగగానే ఆ మనిషి ఏ కులం, ఏ భాష, ఏ ఊరు అని మొదట అడుగుతాం. మనవాడు కాకపోతే వాళ్ళంతా అంతే అంటాం. మనవాడైతే రెండు పనుల్లో ఒకటి చేస్తాం. అతను మనవాడు కాదన్నట్టు నోరు మూసుకుంటాం, లేదా అతను తప్పే చేయలేదని వాదిస్తాం. తక్కువ సంఖ్యలో ఉన్న భాషవారికి ఈ బలహీనత ఇంకా ఎక్కువ. ఒకరి తప్పు అందరి మీదా పడుతుందన్న భయం ఉంటుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దానికి లొంగిపోతే మన చరిత్రలో దేవుళ్ళు మాత్రమే మిగులుతారు, మనుషులు ఉండరు. దేవుళ్ళను చూసి పిల్లలు దండం పెడతారు గానీ ఏమీ నేర్చుకోరు.

నేను గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. ఎన్నో సర్వీసు రిజిస్టర్లు రాశాను. అందులో ఉద్యోగంలో చేరిన తేదీ ఉంటుంది, ఇంక్రిమెంట్లు ఉంటాయి, సెలవులు ఉంటాయి, శిక్ష పడితే అదీ ఉంటుంది. శిక్ష పడిందని ముందు పేజీలు చించరు. మంచి ఉద్యోగి అని శిక్ష పేజీ చించరు. రెండూ ఉంటేనే అది రిజిస్టరు. ఏదో ఒకటి చించితే అది ఫోర్జరీ. మనిషి జీవితాన్ని కూడా అలాగే చూడాలని నా అభిప్రాయం. రచ్చ అనేది ఒక పేజీని పట్టుకొని పుస్తకం అంతా ఇదే అంటుంది. అభిమానం ఆ ఒక్క పేజీని దాచి పుస్తకం అంతా బంగారం అంటుంది. రెండూ సోమరితనమే. మొత్తం చదవడానికి ఓపిక లేకపోవడమే.

ఇదంతా ఎందుకు రాశానంటే, తమిళనాట పేరు తెచ్చుకున్న తెలుగువారి పట్టిక ఒకటి మా సంఘం తయారు చేస్తోంది. బడి పిల్లలకు ఇవ్వాలన్నది ఉద్దేశం. తిరువారూరులో పుట్టిన త్యాగరాజస్వామి, మద్రాసు పిట్టి త్యాగరాయ చెట్టి, తిరుత్తణి సర్వేపల్లి రాధాకృష్ణన్, ఇలా పేర్లు సాగుతున్నాయి. రాధా పేరు దగ్గర ఆగిపోయింది. తుపాకీ పట్టినవాడు పిల్లల పుస్తకంలో ఎందుకని కొందరు అడిగారు. రాముణ్ణి ఎగతాళి చేసినవాడు వద్దని ఇంకొందరు అన్నారు. పేరు వేసి, 1967 సంగతి మాత్రం వదిలేద్దామని మరికొందరు సర్దుబాటు చెప్పారు. ఈ మూడో దారి అందరికీ సులువుగా కనిపించింది. నాకు మాత్రం అదే అన్నిటికంటే తప్పు దారి అనిపిస్తోంది. ఆ సంగతి ఏ పిల్లవాడైనా ఫోనులో నిమిషంలో చూస్తాడు. పెద్దవాళ్ళు దాచారని తెలిస్తే పుస్తకంలోని మిగతా పేర్లను కూడా నమ్మడు.

మోహనసుందరం తన చెడిపోయిన రూపాన్నే శిలగా నిలపమన్నాడు. అది కథ. కానీ ఆ కథను ఊరూరా ఆడిన మనిషికి మనం చేయగల మర్యాద కూడా అదే అనుకుంటున్నాను. అందుకే పట్టికలో ఇలా రాయాలని కార్యవర్గం ముందు పెడుతున్నాను. ఎం.ఆర్. రాధా, 1907 నుంచి 1979, మద్రాసులో పుట్టిన తెలుగువాడు, తమిళ నాటక, సినిమా రంగాల్లో గొప్ప నటుడు, రత్తక్కణ్ణీర్‌తో ప్రసిద్ధుడు. 1967లో తోటి నటుడు ఎం.జి.ఆర్.ను కాల్చి గాయపరచి జైలు శిక్ష అనుభవించాడు. విడుదలయ్యాక మళ్ళీ నాటకం వేశాడు.

ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు, ఒక్క మాట తక్కువ వద్దు. వచ్చే సమావేశంలో ఇది చర్చకు వస్తుంది. హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి, బర్గూరు వైపు సభ్యులు తప్పక వచ్చి తమ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను. కాదనేవారు మరీ తప్పక రావాలి.